ఇంటి ముచ్చట: కడుపులో బిడ్డ బరువెక్కితే

కిందటి సంచికలో సీమంతపు ముచ్చట్లు వ్రాసినాము గదా, అది చూసి ఒక సోదరి ఉత్తరం వ్రాసినారు. ఊరూ పేరూ వేయవద్దన్నారు గనుక వేయడం లేదు. ఆమె అడిగిన సంగతి ఇది: "మా కోడలికి ఎనిమిది వెళ్ళి తొమ్మిదో నెల పడినది. మొన్న స్కాను తీసినవారు బిడ్డ బరువు ఎక్కువగా వున్నదన్నారు. రాత్రిపూట అన్నం మానిపించమని మా ఆడపడుచు అంటున్నది. బిడ్డ బొద్దుగా వుంటే సంతోషించాలి గాని ఆ మాట పైకి అనకూడదు, దిష్టి తగులుతుంది అని మా అత్తగారు అంటున్నారు. ఇద్దరిలో ఎవరి మాట వినేది?"

సోదరీ, మేము డాక్టర్లము కాము. ఆఫీసులో లెక్కలు వ్రాసుకునే గుమాస్తాలము. మందూ మోతాదూ చెప్పే అర్హత మాకు లేదు. అయితే ఈ పరీక్షకు మా ఇల్లు రెండుసార్లు కూర్చున్నది. మొదటిసారి తప్పినాము. రెండోసారి గట్టెక్కినాము. ఆ రెండింటికీ నడుమ ఇరవైరెండేళ్ళు. మీ ప్రశ్నకు మా దగ్గర వున్న జవాబు అదే గనుక ఉన్నది ఉన్నట్టు చెపుతాము.

2003 లో మా ఇంటావిడకు తొలి కానుపు. ఏడో నెలలో పుట్టింటికి పోయినది. అక్కడ చలిమిడి, సున్నుండలు, నేతి అరిసెలు. "ఇద్దరికి తినాలమ్మా" అని మా అత్తగారు కొసరి కొసరి వడ్డించేవారు. మేమేమి తక్కువ తిన్నామా? శనివారం రాత్రి బస్సెక్కి, చేతిలో అర్ధకిలో మైసూరుపాకు పొట్లంతో దిగేవాళ్ళము. ఆ రోజుల్లో చూపించుకునే చోట రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకొమ్మని ఒక చీటీ వ్రాసి ఇచ్చినారు. ఇంతలో సంక్రాంతి వచ్చినది. అమ్మాయికి ఇరవైరెండేళ్ళు, ఇంటా వంటా చక్కెర జబ్బు లేదు, ఎందుకీ ఖర్చు అనుకున్నాము. ఆ చీటీ క్యాలెండరు వెనుకనే వుండిపోయినది. ఆ తప్పు మాది. మరొకరిమీద తోసేది కాదు.

బిడ్డ పుట్టినది. ఆడపిల్ల. 4 కిలోల 300 గ్రాములు. తల బయటికి వచ్చిన తరువాత భుజం పట్టుకున్నది. వరండాలో బెంచీమీద కూర్చున్న మాకు లోపలి పరుగులు తప్ప ఏమీ తెలియలేదు. తల్లికి రక్తం ఎక్కించవలసి వచ్చినది. బిడ్డ కుడిచేయి కదలలేదు. మెడ దగ్గరి నరాలు సాగినవన్నారు. చూడవచ్చినవారందరూ "ఎంత బొద్దుగా వున్నదో" అని బుగ్గలు పుణికి పోయినారు. మేము మాత్రం గుడ్డలో చుట్టిన ఆ కుడిచేతినే చూస్తూ కూర్చున్నాము. నెలల తరబడి వ్యాయామం చేయించిన మీదట చాలావరకు కుదిరింది. కాని ఈనాటికీ జడ వేసుకోబోతే ఆ చేయి చెవి దాటి పైకి పోదు.

ఆ అమ్మాయికే 2025 లో మొదటి కడుపు. ఈసారి ఏ చీటీనీ క్యాలెండరు వెనుక పెట్టకూడదనుకున్నాము.

అసలు బిడ్డ పెద్దది కావడం అంటే ఏమిటి? పుట్టినప్పుడు 4 కిలోలూ అంతకు మించీ వుంటే పెద్ద బిడ్డ అంటారు. మన దేశంలో మామూలు బిడ్డ మూడు కిలోలకు కాస్త లోపుగానే వుంటుంది. కడుపులోని బిడ్డ 28 వారాలకు సుమారు ఒక కిలో వుండి, నెలలు నిండేసరికి మూడు కిలోలకు వస్తుంది. అంటే ఆ చివరి పది పదకొండు వారాల్లో వారానికి రమారమి 200 గ్రాములు. జాగ్రత్త పడవలసిన రోజులు అవే.

ఈ పెరుగుదల హద్దు మీరడానికి కారణాలు కొన్ని వున్నవి. తల్లిదండ్రులు భారీ మనుషులు కావచ్చు. తల్లి ముందునుంచే లావు కావచ్చు, కడుపుతో వుండగా ఎక్కువ బరువు పెరిగి వుండవచ్చు. ముందు కానుపులో పెద్ద బిడ్డ పుట్టి వుండవచ్చు. చెప్పిన తేదీ దాటిపోయి వుండవచ్చు. ఒక్కొక్కప్పుడు తేదీ లెక్కే తప్పి వుంటుంది. ఇవన్నీ జబ్బులు కావు. కాని మనము వెదికి పట్టుకోవలసిన కారణం ఒకటి వున్నది. అది గర్భిణికి వచ్చే చక్కెర జబ్బు.

అది పనిచేసే తీరు తెలిస్తే సగం భయం పోతుంది. తల్లి రక్తంలోని చక్కెర మావి గుండా బిడ్డకు పోతుంది. దాన్ని అదుపులో పెట్టే తల్లి ఇన్సులిన్ మాత్రం మావి దాటదు. తూములోనుంచి నీళ్ళు మడిలోకి పోతున్నవి, తూము మూసేవాడు గట్టు ఇవతలే వుండిపోయినాడు అనుకోండి. అప్పుడు బిడ్డ తన ఇన్సులిన్ తానే ఎక్కువగా తయారు చేసుకుంటుంది. అది వచ్చిన చక్కెరను కొవ్వుగా నిలవచేస్తుంది. ఆ కొవ్వు భుజాలమీదా పొట్టమీదా చేరుతుంది. అందుకే తల వచ్చిన దారిలో భుజం ఇరుక్కుంటుంది. డెన్మార్కు డాక్టరు పెడర్సన్ 1950 ల తొలినాళ్ళలోనే ఈ సంగతి విడమరిచి చెప్పినాడు. మా ఇంట్లో దాన్ని తెలుసుకునేసరికి యాభై ఏళ్ళు దాటినవి.

తమిళనాట వున్న మన కుటుంబాలకు ఈ విషయంలో ఒక సదుపాయం వున్నది. చెన్నపట్నంలో డాక్టర్ వి. శేషయ్యగారు గర్భిణుల చక్కెర జబ్బుమీద ఏళ్ళ తరబడి పనిచేసినారు. ఆయన పుట్టినరోజు మార్చి 10 ని మన దేశంలో ఈ జబ్బును గురించి తెలియజెప్పే దినంగా జరుపుతారు. 2007 లో తమిళనాడు ప్రభుత్వం గర్భిణులందరికీ ఈ పరీక్ష చేయాలని ఉత్తర్వు వేసినది. 2014 లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ పద్ధతి నిర్ణయించి, 2018 లో దాన్ని సవరించినది. పరీక్ష చాలా సులభం. పరగడుపున పోనక్కరలేదు. 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి అయిదు పది నిమిషాల్లో తాగిస్తారు. రెండు గంటలకు రక్తం చూస్తారు. 140 గాని, ఆపైన గాని వుంటే జబ్బు వున్నట్టు. మొదటిసారి చూపించుకోవడానికి పోయినప్పుడు ఒకటి, మళ్ళీ 24 నుంచి 28 వారాల మధ్య ఇంకొకటి, రెండుసార్లు చేయించాలి.

ఈ రెండోసారి ముఖ్యం. మా అమ్మాయికి మూడో నెలలో 118 వచ్చినది. ఇంకేమి భయం లేదని మా అమ్మ తేల్చేసినది. 26 వ వారంలో 152 వచ్చినది.

ఆ కాగితం చూసి అమ్మాయి ఏడవలేదు. "నాయనా, దీని చేయి కూడా నా చేతిలాగే అవుతుందా?" అని అడిగినది. మాకు జవాబు రాలేదు. డాక్టరమ్మ చెప్పినది: "అదుపులో పెట్టుకుంటే ఆ అవకాశం బాగా తగ్గుతుంది. ఇంకా పన్నెండు వారాలు మన చేతిలో వున్నవి."

ఇక మా పని మొదలైనది. అల్లుడు చక్కెర చూసే చిన్న మిషను కొని తెచ్చినాడు. ఆఫీసులో రిజిస్టరు గీసినట్టే మేము ఒక నోటుబుక్కులో నాలుగు గడులు గీసినాము. పరగడుపున ఒకటి, మూడు పూటలా తిన్న రెండు గంటలకు ఒక్కొక్కటి. పరగడుపున 95 కు లోపు, తిన్న తరువాత 120 కి లోపు వుండాలని డాక్టరమ్మ హద్దు చెప్పినది. పక్కన ఏమి తిన్నదీ వ్రాయాలి.

మొదటి వారం లెక్కలు చూస్తే కళ్ళు తెరుచుకున్నవి. నాలుగు ఇడ్లీలు, చట్నీ, చక్కెర వేసిన కాఫీ: 158. రాగి మంచిదని బెల్లం వేసి పలుచగా కాచిన జావ: 171. "బెల్లం చక్కెర కాదు గదా" అని మా అమ్మ వాదించినది. మిషను ఆ వాదం వినలేదు. రెండు ఇడ్లీలు, గిన్నెడు సాంబారు, ఒక ఉడికించిన గుడ్డు, చక్కెర లేని కాఫీ: 116. మనిషి అదే, వంటిల్లు అదే. తేడా అంతా పళ్ళెంలోనే వున్నది.

అప్పటినుంచి అన్నం కప్పుతో కొలిచి పెట్టినాము. తగ్గిన అన్నం స్థానంలో పప్పు, కీర, చిక్కుడు, ఆకుకూర, మజ్జిగ. పండు పండుగానే, రసం తీయకుండా. సాయంకాలం ఉడికించిన శనగలు. మూడు భోజనాలు, మధ్యలో రెండు మూడు చిన్న ఫలహారాలు. ఏ పూటా మానలేదు. ఒక పూట కడుపు మాడ్చి తరువాతి పూట రెండింతలు తింటే చక్కెర ఒకసారి పడి ఒకసారి ఎగురుతుంది, తల్లికి నీరసం తప్ప బిడ్డకు లాభం లేదు. తిన్న తరువాత పావుగంట మిద్దెమీద నడక. మొదట్లో అమ్మాయి ఒక్కతే నడిచేది. నాలుగో రోజునుంచి వాళ్ళ అమ్మ కూడా నడిచినది.

మేము తప్పు చేయలేదనుకోకండి. ఏడో నెలలో మా అమ్మాయికి గాజులు తొడిగి వళైకాప్పు చేసినాము. ఇన్నేళ్ళు ఇక్కడ వున్న మన ఇళ్ళలో ఆ పేరే నిలిచిపోయినది గదా. అయిదు రకాల చిత్రాన్నాలు. దానికి తోడు పాత అలవాటు కొద్దీ మేము తెచ్చిన మైసూరుపాకు. ఆ సాయంకాలం 183. అమ్మాయి ఎరుపు సిరాతో అంకె వేసి, పక్కన "నాయన తెచ్చిన మైసూరుపాకు" అని వ్రాసినది. ఆ పేజీ మా ఇంట్లో ఇంకా వున్నది. తినిపించేవారు మారకుండా తినేవారినొక్కరినే మారమంటే ఎట్లా?

రెండు వారాలు గడిచినవి. తిన్న తరువాతి అంకెలు దారికి వచ్చినవి. పరగడుపుది మాత్రం 104 దగ్గరే నిలిచినది. డాక్టరమ్మ రాత్రిపూట కొద్దిగా ఇన్సులిన్ వేయమన్నది. ఇంట్లో కలకలం. ఇన్సులిన్ అంటే జబ్బు ముదిరినట్టేనని మా అమ్మ భయం. పైన చెప్పినాము గదా, ఇన్సులిన్ మావి దాటదు. అందువల్లనే బిడ్డకు దానితో హాని లేదు. తిండీ నడకా చాలనిచోట మందు తోడు వస్తుంది, అంతే. కొందరికి మెట్‌ఫార్మిన్ మాత్ర ఇస్తారు. ఏది ఎవరికన్నది డాక్టరు నిర్ణయించాలి.

ఇప్పుడు, సోదరీ, మీ స్కాను సంగతి. 38 వ వారంలో మా అమ్మాయికీ తీసినారు. బిడ్డ 3 కిలోల 700 అన్నారు. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. మరునాడు డాక్టరమ్మను అడిగితే ఇట్లా చెప్పినది. స్కాను బిడ్డను తక్కెడలో వేసి తూచదు. తల చుట్టుకొలత, పొట్ట చుట్టుకొలత, తొడ ఎముక పొడవు చూసి లెక్క కడుతుంది. ఆ లెక్కలో నూటికి పది పాళ్ళు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, అటూ ఇటూ తేడా రావచ్చు. అంటే 3 కిలోల 700 అన్నది నిజానికి 3 కిలోల 300 కావచ్చు, 4 కిలోల 100 కూడా కావచ్చు. బిడ్డ పెద్దదైనకొద్దీ లెక్క తప్పే అవకాశమూ ఎక్కువే.

"అయితే వెంటనే ఆపరేషను చేసేయరాదా?" అన్నాము. అంకె ఒక్కటి చూసి అట్లా చేయరాదన్నది. బిడ్డ పెద్దదన్న అనుమానం ఒక్కదానితోనే 39 వారాలు నిండకముందు నొప్పులు రప్పించవద్దని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం చెపుతున్నది. స్కాను లెక్కలో చక్కెర జబ్బు లేని తల్లికి 5 కిలోలు, వున్న తల్లికి నాలుగున్నర కిలోలు దాటితే ఆపరేషను మాట ఆలోచించమంటున్నది. మన డాక్టర్లు ఆ అంకెలతోపాటు తల్లి ఎత్తూ శరీరమూ, ముందు కానుపులూ, చక్కెర అదుపూ అన్నీ చూసుకొని చెపుతారు. బ్రిటనులో 2,893 మంది తల్లులతో చేసిన పరిశోధన 2025 లో లాన్సెట్ పత్రికలో వచ్చినది. చక్కెర జబ్బు లేకుండా, బిడ్డ పెద్దదన్న అనుమానం వున్నవారిని రెండు జట్లు చేసినారు. ఒక జట్టుకు 38 వారాలు నిండగానే నొప్పులు రప్పించవలెనని, రెండో జట్టుకు మామూలుగానే సాగనివ్వవలెనని ఏర్పాటు. భుజం పట్టుకోవడం మొదటి జట్టులో నూటికి 2.3, రెండో జట్టులో 3.1. ఆ కొద్ది తేడాను బట్టి ఇదే మేలని గట్టిగా తేల్చలేకపోయినారు. కాబట్టి ముందుగా నొప్పులు రప్పించడం ఒక దారి, ఆగడం ఇంకొక దారి. రెండింటి మంచిచెడ్డలూ అడిగి తెలుసుకొనే హక్కు తల్లికి వున్నది.

మా గుండెలో వున్న ప్రశ్న కూడా అడిగేసినాము. భుజం పట్టుకుంటే? డాక్టరమ్మ దాచకుండా చెప్పినది. అది ఎవరికి జరుగుతుందో ముందుగా ఖాయంగా చెప్పలేరు. అట్లా జరిగేవాటిలో సుమారు సగం మామూలు బరువు బిడ్డలకే జరుగుతవి. జరిగితే తల్లి మోకాళ్ళను పొట్టవైపు బాగా మడిచి, పొత్తికడుపు కింద ఎముకకు పైన ఒత్తి భుజాన్ని విడిపిస్తారు. బలంకొద్దీ లాగడమూ, పైనుంచి పొట్ట అదమడమూ కీడు చేస్తవి. కనుక పెద్ద బిడ్డ అనుమానం వున్నప్పుడు చేయి తిరిగినవారూ, ఆపరేషను వసతీ, రక్తమూ, బిడ్డల డాక్టరూ వున్న చోటనే కానుపు జరగాలి. పుట్టింటికి దగ్గరా దూరమా అన్నది తరువాతి మాట.

39 వారాలు నిండినవి. మందు పెట్టి నొప్పులు రప్పించినారు. పద్నాలుగు గంటలు పట్టినది. మళ్ళీ ఒక బెంచీ, మళ్ళీ మేము. తలుపు తెరిచి మగపిల్లవాడన్నారు. 3 కిలోల 350. స్కాను చెప్పినదానికంటే 350 గ్రాములు తక్కువ. అమ్మాయి బిడ్డ ముఖం చూడకముందే గుడ్డ విప్పి చేతులు చూసినదట. వాడు ఉలిక్కిపడి రెండు చేతులూ ఒక్కసారే పైకి విసిరినాడట. ఈ మాట చెపుతూ మా ఇంటావిడ కొంగు అడ్డం పెట్టుకున్నది.

అంతటితో అయిపోలేదు. తల్లి చక్కెరకు అలవాటుపడిన బిడ్డ బొడ్డు కోయగానే చక్కెర పడిపోయి మగతలోకి పోవచ్చు. అందుకని మొదటి గంటలోనే ముర్రుపాలు పట్టించినారు. మడమలో సూదితో గుచ్చి కొన్నిసార్లు రక్తం చూసినారు. తేనె నాకించడం, చక్కెర నీళ్ళు పోయడం వద్దే వద్దన్నారు.

ఇక తల్లి సంగతి. కానుపు కాగానే చక్కెర చాలామందికి దిగిపోతుంది. కాని ఇట్లా ఒకసారి వచ్చినవారికి ముందుముందు అసలైన మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువ. వారి కడుపున పుట్టిన బిడ్డలకూ ఎక్కువే. మా ఇంటావిడకు 2016 లో బయటపడినది. 2003 లోనే ఆ చీటీ విప్పి చూసివుంటే తల్లి సంగతీ బిడ్డ సంగతీ ముందే తెలిసేది గదా అని ఎన్నోసార్లు అనుకున్నాము. కానుపైన ఆరు వారాలకు తల్లికి మళ్ళీ గ్లూకోజు పరీక్ష చేయించాలి. ఆపైన కూడా డాక్టరు చెప్పిన గడువులో చూపించుకుంటూ వుండాలి. బిడ్డ సందడిలో అందరూ మరచిపోయేది ఇదే.

సోదరీ, మీ కోడలి విషయం. రాత్రి అన్నం మానిపించకండి. బిడ్డ బరువు ఒక పూట పస్తుతో దిగేది కాదు. బొద్దు బిడ్డ అని మురిసి ఊరుకోనూ వద్దు. గ్లూకోజు పరీక్ష రెండుసార్లూ జరిగినదా అని ఆమె కాగితాలు తీసి చూడండి. జరగకపోతే రేపే తీసుకుపోండి. చివరి నెలలో కూడా చక్కెర పట్టుకొని అదుపు చేస్తే తల్లికీ బిడ్డకూ మేలే. చక్కెర లేదని తేలితే స్కాను అంకెకు బెదరకుండా, కానుపు ఎప్పుడు, ఎక్కడ, ఏ విధంగా అన్నది డాక్టరును కూర్చోబెట్టి అడగండి. కోడలిని కూడా పక్కన కూర్చోబెట్టండి. కడుపు ఆమెది గదా. బిడ్డ కదలికలు తగ్గినవని ఆమె అంటే మాత్రం రాత్రి పగలు చూడకుండా ఆసుపత్రికి పోండి. మీ అత్తగారికి కోపం రాకుండా దిష్టి కూడా తీయండి. దానికి చక్కెర అక్కరలేదు.

మా నోటుబుక్కులో చివరి గడి ఆరు వారాల పరీక్షది. అమ్మాయి అంకె వేసి మాకు చూపించినది: 112. ఈసారి నల్ల సిరాతోనే.